నా పనులన్నీ టైముకి అవుతున్నాయి, ప్రాజెక్టు మాత్రం ఎందుకు అవట్లేదు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. పొద్దున 5కే లేస్తారు, రాత్రే మర్నాటి చిట్టా రాసుకుంటారు, ముఖ్యమైనది ముందు చేస్తారు, ఏ ఫోనూ తిరిగి చెయ్యకుండా వదలరు. సైట్ ఇంజనీరుగా ఉన్నన్నాళ్లూ ఇది బాగా నడిచింది. ఇప్పుడు స్టిల్టు (కింద పార్కింగు) మీద 5 అంతస్తులు, 20 ఫ్లాట్ల అపార్ట్‌మెంటుకి ప్రాజెక్ట్ మేనేజరయ్యారు. మీ చిట్టా రోజూ ఖాళీ అవుతోంది, సైటు మాత్రం రెండు నెలలు వెనకబడింది. ఈ అలవాట్లు ప్రాజెక్టుకి పనికిరావా అని మీ ప్రశ్న.

పనికొస్తాయండీ. కాకపోతే మీరు వాటిని మీ టైము మీద వాడుతున్నారు, వాడాల్సింది ఇతరులు మీకిచ్చే మాట మీద. మీ చిట్టాలో పని అవ్వాలంటే మీరు కూర్చుంటే చాలు. స్లాబు పడాలంటే సెంట్రింగ్ మేస్త్రీ (స్లాబు కింద షీట్లు, వాటిని మోసే జాకీలు నిలిపేవాడు), రాడ్ బెండర్ (కడ్డీలు కట్టేవాడు), ఎలక్ట్రీషియన్, ప్లంబర్, రెడీమిక్స్ ప్లాంటు (కాంక్రీటు కలిపి బండ్లలో పంపేది), స్ట్రక్చరల్ ఇంజనీరు, ఈ ఆరుగురి మాటా ఒకే రోజుకి నిలబడాలి. ఒక్కొక్కరి మాట పదిలో తొమ్మిదిసార్లు నిలబడుతుందనుకున్నా, ఆరూ కలిసి నిలబడే అవకాశం 53 శాతమే (0.9ని ఆరుసార్లు గుణించి చూడండి). అంటే అందరూ బుద్ధిమంతులే అయినా దాదాపు రెండు స్లాబుల్లో ఒకటి జారుతుంది. మీరు 5కి లేచినా 4కి లేచినా ఈ లెక్క మారదు.

చిట్టా

మీ చిట్టాలో "మూడో స్లాబు, 18వ తేదీ" అని ఉంటుంది. అది కోరిక. సైటుకి కావాల్సింది పని పేరు కాదు, ఆ పనిని ఏవేవి ఆపగలవో ఆ జాబితా. మూడు వారాల ముందుకి ఒక పట్టిక గీయండి. అడ్డ వరసల్లో పనులు. నిలువు గళ్లు ఎనిమిది: డ్రాయింగు, మెటీరియలు, మనుషులు, సామాను (పంపు, వైబ్రేటరు లాంటివి), దానికి ముందు అవ్వాల్సిన పని, చోటు, చెకింగు, డబ్బు. గడి తేలిపోతే టిక్కు. తేలకపోతే అందులో ఒక మనిషి పేరు, ఒక తేదీ. "ఆఫీసు చూస్తుంది" అని రాస్తే ఎవరూ చూడరు, పేరే ఉండాలి. ఎనిమిదిలో ఒక్క గడిలో టిక్కు లేకపోయినా ఆ పని వచ్చే వారం ప్లానులోకి రాకూడదు. ఈ ఒక్క నియమం కచ్చితంగా పట్టుకుంటే మీ సమస్యలో సగం బయటపడుతుంది.

స్లాబునే తీసుకుని చూద్దాం. 2,400 చదరపు అడుగుల స్లాబు, 5 అంగుళాల మందం. స్లాబు వరకే 28 ఘనపు మీటర్లు, బీములతో కలిపి ఒక 40 అనుకోండి. 6 ఘనపు మీటర్ల బండ్లైతే ఏడు. మీ పట్టికలో ఆ వరసలో తేలాల్సినవి ఇలా ఉంటాయి:

పంపు లారీ నిలబడటానికి గట్టి నేల, పైన కరెంటు తీగలకి దూరం. వైబ్రేటర్లు (కాంక్రీటుని కదిపి సర్దే మిషన్లు) రెండు, పైగా ఒక స్పేర్ నీడిల్ (కాంక్రీటులో ముంచే గొట్టం). ఒక్క వైబ్రేటర్‌తో కాంక్రీటు మొదలెట్టి అది మధ్యలో ఆగితే, మూడో బండి డ్రైవరు గేటు దగ్గర హారన్ కొడుతుంటే, మేస్త్రీ కడ్డీతో పొడిచి కానిచ్చేస్తాడు. ఆ బీము అడుగున తేనెపట్టులా బొక్కలు షీట్లు ఊడదీసిన రోజున కనిపిస్తాయి. క్యూబ్ మౌల్డులు (బలం పరీక్షకి కాంక్రీటు దిమ్మలు పోసే అచ్చులు) కూడా ముందే తెప్పించాలి. కాంక్రీటు పనికి మన దేశ కోడ్ ఐఎస్ 456:2000 ప్రకారం 31 నుంచి 50 ఘనపు మీటర్ల కాంక్రీటుకి నాలుగు శాంపిళ్లు, 28 రోజుల పరీక్షకి శాంపిలుకి మూడు క్యూబులు, అంటే 12. ఏడో రోజు బలం కూడా చూడాలంటే అవి అదనం. మౌల్డులు ఆరే ఉన్నాయని బండి వచ్చాక తెలిస్తే ఆ పరీక్ష రిపోర్టు ఇక ఎప్పటికీ సరిగ్గా ఉండదు.

ఎలక్ట్రీషియన్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కండ్యూట్ పైపులు (వైర్లు పోయేవి), ఫ్యాన్ బాక్సులు పడాల్సింది కింది జాలీ కట్టాక, పై కడ్డీలు కట్టకముందు. షెడ్యూల్లో మాత్రం "రాడ్ వర్కు 4 రోజులు, ఎలక్ట్రికల్ 1 రోజు" అని ఒకదాని కింద ఒకటి రాసి ఉంటుంది. కాబట్టి ఆయన రాడ్ అంతా అయ్యాక వస్తాడు, కడ్డీలు పైకెత్తి పైపులు దూరుస్తాడు, కవర్ బ్లాకులు (కడ్డీల కింద ఎత్తుకి పెట్టే దిమ్మలు) జారిపోతాయి, చెకింగుకి వచ్చిన ఇంజనీరు వెనక్కి పంపుతాడు. పోయింది ఒక రోజే, కానీ రెడీమిక్స్ వాళ్ల దగ్గర మీ స్లాటు కూడా పోతుంది. రాడ్ పని మూడో రోజు పొద్దున అని ఆయన తేదీ విడిగా రాయాలి.

మాట తీసుకోవడం

మేస్త్రీని "గురువారానికి అయిపోతుందా?" అని అడిగితే ఒక్కటే జవాబు వస్తుంది: "అయిపోద్ది సార్." అది అబద్ధం కాదు, మర్యాద. మీ మొహం మీద కాదనలేక అన్న మాట. దాన్ని మీరు షెడ్యూల్లో ఎక్కిస్తే తప్పు మీది.

అవును, కాదు అని తేల్చలేని ప్రశ్నలు వెయ్యండి. రేపు ఎంతమంది దిగుతున్నారు? ఏ గది దగ్గర మొదలెడతారు? శనివారం బట్వాడా అయ్యాక ఎవరైనా ఊరెళ్తున్నారా? కింది ఫ్లోరు జాకీలు ఎప్పుడు పైకొస్తాయి? అప్పుడు "ఎనిమిది మంది ఉన్నారు సార్, అందులో ఇద్దరు ఆదివారం పోతారు" అని అసలు సంగతి వస్తుంది. పోయిన స్లాబు సెంట్రింగుకి మీ డైరీలో 60 మనిషి-రోజులు రాసి ఉంటే, ఎనిమిది మందితో దాదాపు 8 రోజులు, ఆరుగురితో 10. గురువారం అవుతుందో లేదో ఇప్పుడు మీకే తెలుస్తుంది, ఆయన్ని మళ్లీ అడగక్కర్లేదు.

ఇంకో మాట. "కాదు సార్, శనివారం అవుద్ది" అన్నవాణ్ని అందరి ముందూ కసరకండి. ఒక్కసారి కసిరితే ఆ తర్వాత మీ సైటులో కాదనేవాడు ఉండడు, అన్నీ గురువారమే అయిపోతాయి, నోటి మాటగా.

క్యాలెండరులో ఇవి ఇప్పుడే ఎక్కించండి: సంక్రాంతికి శ్రీకాకుళం వైపు వాళ్లు, బిహార్ వాళ్లయితే ఛఠ్ పండగకీ హోలీకీ, వానలు పడగానే నాట్లకి వెళ్లే పాలమూరు కూలీలు, అమావాస్య రోజు పని ముట్టని మేస్త్రీలు, ఓట్లకి ఊరెళ్లే అందరూ. ఇవన్నీ ముందే తెలిసిన తేదీలు. అయినా ప్రతి ఏడూ సంక్రాంతి "అనుకోని ఆటంకం" అని రిపోర్టుల్లో కనిపిస్తూనే ఉంటుంది.

ముఖ్యమైనది ముందు

ఇది మంచి అలవాటే, కానీ ప్రాజెక్టులో ఏది ముఖ్యమో మనసుకి తెలియదు, లెక్క చెయ్యాలి. అరిచే పని వేరు, ఆపే పని వేరు. 302 ఫ్లాటు ఓనరు టైల్ రంగు గురించి రోజుకి ఐదుసార్లు ఫోన్ చేస్తాడు. లిఫ్టు అడ్వాన్సు ఇవ్వకపోతే ఎవరూ ఫోన్ చెయ్యరు. ఇవాళ్టి నుంచి అప్పగింతకి 110 రోజులున్నాయనుకోండి. లిఫ్టు సామాను రావడానికి 75, బిగించి పరీక్షించడానికి 30, మొత్తం 105. మీ చేతిలో ఉన్నది 5 రోజులు. ఆ టైలు వేసేది ఇంకో నెలకి, దానికి 30 రోజుల వెసులుబాటు ఉంది (అన్ని రోజులు జారినా అప్పగింత ఆగదు). మీ చిట్టాలో ఏది పైన ఉందో చూసుకోండి.

1957లో అమెరికాలో డ్యూపాంట్, రెమింగ్టన్ రాండ్ కంపెనీల వాళ్లు క్రిటికల్ పాత్ లెక్క కట్టింది ఇందుకే: దేని తర్వాత ఏది, ఒక్కోటి ఎన్ని రోజులు అని గొలుసులు గీసి, అన్నిటికంటే పొడుగైన గొలుసు ఏదో చూడటం. దాని మీద ఒక రోజు పోతే ప్రాజెక్టులో ఒక రోజు పోయినట్టే. మిగతా గొలుసుల్లో ఒక రోజు పోతే వెసులుబాటులోంచి పోతుంది. ఏ పనికైనా పక్కన "వెసులుబాటు ఎన్ని రోజులు" అని ఒక అంకె వేసి, చిన్న అంకె నుంచి పెద్దదానికి పేర్చండి. అదే మీ పొద్దుటి చిట్టా. కరెంటు ట్రాన్స్‌ఫార్మరుకి దరఖాస్తు, లిఫ్టు పిట్టు (కింది గుంత) లోతు డ్రాయింగు, కిటికీల ఆర్డరు, ఇలాంటి చప్పుడు చెయ్యని పనులు పైకి తేలతాయి. అది చూసి మొదట కాస్త కంగారు పుడుతుంది.

ఈ గొలుసులో మీ హుషారుకి లొంగనివి కొన్ని ఉంటాయి. ఐఎస్ 456 ప్రకారం మామూలు ఓపీసీ సిమెంటుకి, 15 డిగ్రీలకి తగ్గని వాతావరణంలో, స్పాన్ (ఆధారాల మధ్య దూరం) 4.5 మీటర్లలోపు స్లాబుల కింద జాకీలు 7 రోజులు, ఆపైన 14 రోజులు ఉండాలి. బీములకి 6 మీటర్లలోపైతే 14, దాటితే 21. పీపీసీ (ఫ్లైయాష్ లాంటివి కలిపిన సిమెంటు) వాడితే ఇంకా పొడిగించాలి, ఎంతో మీ స్ట్రక్చరల్ ఇంజనీరు దగ్గర రాయించుకోండి. జాకీలు ఒకే సెట్టు ఉంటే పోసిన రోజు నుంచి 14 రోజులు అవి అక్కడే బందీ. తర్వాత పై ఫ్లోరు సెంట్రింగు 5, రాడ్ 4, చెకింగు 1, కాంక్రీటు 1. అంటే స్లాబుకీ స్లాబుకీ మధ్య 25 రోజులు. కాలమ్ పని మధ్యలో అయిపోయినా ఇది తగ్గదు. మీ షెడ్యూల్లో "15 రోజులకో స్లాబు" అని ఉండి, సైటులో ఒకే సెట్టు ఉంటే, మీరు వెనకబడింది షెడ్యూలు రాసిన రోజునే. స్టిల్టు పైదాంతో కలిపి ఆరు స్లాబుల మధ్య ఐదు విరామాలు, ఒక్కోదాంట్లో 10 రోజులు, మొత్తం 50. మీ రెండు నెలల్లో చాలావరకు ఇక్కడే ఉండొచ్చు, చూసుకోండి. రెండో సెట్టు అద్దె ఎంతో, ఒక నెల ఆలస్యానికి బ్యాంకు వడ్డీ ఎంతో పక్కపక్కన రాసి యజమానికి (బిల్డరుకి) చూపించండి. తొందరపడి జాకీలు ముందే లాగెయ్యడం మాత్రం దారి కాదు. షీట్లు ముందు ఊడదీసి జాకీలు మళ్లీ పెట్టాం అనే మాట వింటే స్వయంగా వెళ్లి చూడండి. కోడ్ అందుకు అనుమతి ఇచ్చింది, స్లాబుకి 3 రోజులకి, బీముకి 7 రోజులకి, కానీ వెంటనే జాకీలు మళ్లీ నిలపాలన్న షరతుతో.

క్యూరింగు కూడా ఇంతే. ఓపీసీకి కనీసం 7 రోజులు, పొడి వేడి వాతావరణంలో 10. పీపీసీ అయితే మన ఎండల్లో 14 అనే రాసుకోండి. బోరు నీళ్లు చాలవని ఏప్రిల్లో తెలిస్తే లాభం లేదు, అది పట్టికలో "మెటీరియలు" గడి.

ఒకసారికి ఒకే పని

మీకు ఇది తెలుసు: ఫోన్ పక్కన పెట్టి ఒక్క పని మీద కూర్చుంటే త్వరగా తెములుతుంది. మరి సైటులో 20 ఫ్లాట్లూ ఎందుకు తెరిచి పెట్టారు? ఒక్కోటీ 70 శాతం అయి ఉంటుంది, ఒక్కటీ తాళం వేసి ఇచ్చేలా ఉండదు. లెక్క ఇది. తెరిచి ఉన్నవాటి సంఖ్యని వారానికి పూర్తయ్యేవాటితో భాగిస్తే, ఒక్కో ఫ్లాటుకి సగటున పట్టే కాలం వస్తుంది. 20 తెరిచి, వారానికి 2 పూర్తయితే, ఒక్కోదానికి 10 వారాలు. 8 మాత్రమే తెరిస్తే 4 వారాలు. (జాన్ లిటిల్ అనే ఆయన 1961లో నిరూపించిన సూత్రం, క్యూల గురించి. ఫ్లాట్లకీ అంతే వర్తిస్తుంది.) మొత్తం వేగం పెరగకపోయినా, తప్పులు నాలుగు వారాల్లోనే బయటపడతాయి, ఇరవై ఫ్లాట్లలోనూ అదే తప్పు జరిగాక కాదు.

అన్నీ తెరవడానికి కారణం బద్ధకం కాదు, బిల్లు. ప్లాస్టరింగ్ కాంట్రాక్టరుకి చదరపు అడుగు లెక్కన డబ్బు. పెద్ద గోడలు సులువు, డబ్బు అక్కడే. కిటికీ అంచులు, స్విచ్ బాక్సుల చుట్టూ, బాల్కనీ కింద పట్టీలు కష్టం, డబ్బు రాదు. కాబట్టి ఆయన పెద్ద గోడలు కొట్టి పక్క ఫ్లాటుకి పోతాడు. మీరు ఎంత చెప్పినా పోతాడు. వచ్చే వర్క్ ఆర్డరు నుంచి బిల్లులో 10 నుంచి 15 శాతం "ఫ్లాటు పూర్తయ్యాక" అని విడిగా పెట్టండి. మధ్యలో మనుషులు ఖాళీగా కూర్చోకుండా, అడ్డేమీ లేని చిన్న పనులు (కాంపౌండ్ గోడ, సంపు లోపలి ప్లాస్టరు, పారపెట్) రెండు మూడు చేతిలో ఉంచుకోండి. ఏదైనా ఆగినప్పుడు వాళ్లు కొత్త ఫ్లాటు తెరవకుండా అటు వెళ్తారు.

"పూర్తి" అంటే ఏమిటో ముందే రాసి సంతకం తీసుకోవాలి, లేకపోతే ఆ 15 శాతం దగ్గర గొడవ. బాత్రూమ్‌కి నేను రాసేది ఇంత: పైపులకి ప్రెషర్ ఎక్కించి గేజ్ ఫోటో, గంట తర్వాత ఇంకో ఫోటో, సూది కదలకూడదు. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక 48 గంటలు నీళ్లు నిలిపి, కింద ఫ్లాటు సీలింగు చూడటం. టైలు వేశాక మగ్గు నీళ్లు గుమ్మం దగ్గర పోస్తే అన్నీ ట్రాప్‌లోకే పోవడం. టైలు మీద నాణెంతో తడితే డొల్ల చప్పుడు రాకపోవడం. నాలుగు వాక్యాలు, మేస్త్రీకి అర్థమయ్యే భాషలో. అంతకంటే పెద్ద చెక్‌లిస్టు ఎవరూ చదవరు.

ముందు జాగ్రత్తకి రెండు రోజులు ఎక్కువ

మీరు మీ పనులకి కాస్త ఎక్కువ టైము వేసుకుంటారు, మంచిదే. సైటులో ప్రతి ఒక్కరూ అలా వేసుకుంటే ఆ రోజులు మాయమవుతాయి. ముందు అయిపోయినా ఎవరూ ముందు అప్పగించరు, మిగిలిన రెండు రోజులూ పనిలోనే కరిగిపోతాయి. పది పనుల్లో తలా రెండు రోజులు దాచే బదులు, ఆ ఇరవైలో సగం తీసి స్లాబుల చివర, వానల ముందు, అప్పగింత ముందు మీ చేతిలో బాహాటంగా పెట్టుకోండి. ఎవరికి ఎన్ని రోజులు ఇచ్చారో రాయండి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు పునాది తవ్వకం, బయటి ప్లాస్టరు, బయటి రంగులకి ఇంకా ఎక్కువ పెట్టాలి, లోపలి పనులకి అక్కర్లేదు.

డైరీ

మీరు రాత్రి రాసే డైరీలో "ఇవాళ ఏం చేశాను" ఉంటుంది. సైటు డైరీలో ఉండాల్సింది "అన్నది అయిందా, కాకపోతే ఎందుకు". శనివారం సాయంత్రం 45 నిమిషాలు, మేస్త్రీలందరూ ఉండగా. వారం ఇచ్చిన మాటలు 25, నిలబడ్డవి 14 అయితే 56 శాతం. "దాదాపు అయింది" అంటే కానట్టే. కాని 11కీ పక్కన ఒక్క మాటలో కారణం: డ్రాయింగు, మెటీరియలు, మనుషులు, ముందు పని, ఓనరు నిర్ణయం, వాన, డబ్బు. గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హోవెల్ అమెరికాలో 1990ల్లో పట్టాలెక్కించిన లాస్ట్ ప్లానర్ పద్ధతికి (పని చేయించేవాళ్లే వారం ప్లాను వేసుకుని మాట ఇచ్చేది) గుండెకాయ ఈ కొలతే. ఆరు వారాలు రాశాక కారణాలు కూడండి. మేస్త్రీలు సోమవారం రారు అన్నది పెద్ద కారణం అని అందరూ అనుకుంటారు. లెక్క తీస్తే చాలాచోట్ల "ఓనరు నిర్ణయం", "డ్రాయింగు" పైన ఉంటాయి, అంటే మన ఆఫీసు వైపు తప్పు. ఈ శాతాన్ని ఎవరి జీతానికీ, జరిమానాకీ ముడిపెట్టకండి. ముడిపెట్టిన వారం నుంచి అందరూ చిన్న చిన్న మాటలే ఇస్తారు, శాతం 95కి పోతుంది, బిల్డింగు అక్కడే ఉంటుంది.

వదిలెయ్యాల్సినవి

ప్రతి మెసేజీకి వెంటనే జవాబు: మీరే జవాబైతే సైటంతా మీ ఫోన్ వైపు చూస్తూ నిలబడుతుంది. స్విచ్ బోర్డు ఎత్తు, గుమ్మం సైజు లాంటివి గోడ మీద పెయింటుతో రాయించండి, అడగరు. "నేనే చేసేస్తే అయిపోతుంది" అనే అలవాటు అన్నిటికంటే ఖరీదైనది. మీరు టేపు పట్టుకుని కొలుస్తున్న గంటలో లిఫ్టు అడ్వాన్సు ఫైలు టేబుల్ మీదే ఉంటుంది. వాట్సాప్‌లో ఓనర్లు చెప్పిన మార్పులు మాత్రం ఒక పుస్తకంలోకి ఎక్కాలి: ఫ్లాటు, మార్పు, ఎవరు, ఏ తేదీలోపు తేల్చాలి, తేల్చకపోతే ఏది వేసేస్తాం. చివరి గడి ముఖ్యం. "10వ తేదీలోపు చెప్పకపోతే నమూనా ఫ్లాటులో ఉన్నదే వేస్తాం" అని సంతకం ఉంటే నిర్ణయాలు 9వ తేదీకే వస్తాయి.

పొద్దున 5కి లేవడం మీ ఇష్టం. కాకపోతే ఆ మొదటి గంట లాప్‌టాప్ ముందు కాకుండా, మనుషులు దిగే వేళకి సైటులో పై ఫ్లోరు నుంచి కిందికి నడిచేందుకు పెట్టుకుంటే, ఎనిమిది మంది అన్నచోట ఐదుగురే ఉన్నారని 9 లోపే తెలుస్తుంది.

సాఫ్ట్‌వేర్ ఏది కొనాలని కూడా అడిగారు. ఇరవై ఫ్లాట్లకి ఏదీ వద్దు. మూడు వారాల పట్టిక ఎక్సెల్లో, వారం ప్లాను సైటు ఆఫీసు గోడ మీద చార్టు పేపరు మీద, తెలుగులో. ఒడిశా, బిహార్ బృందాలుంటే వాళ్ల మేస్త్రీ పేరు హిందీలో కూడా. ఈ శనివారం మొదలెట్టేది ఒక్కటే పెట్టుకోండి: వచ్చే వారం పనులు ఆరో ఏడో రాసి, ఎనిమిది గళ్లూ నింపి, తేలనివి కొట్టెయ్యండి. చివరి గడి "డబ్బు" దగ్గర యజమాని పేరు, తేదీ రాయడానికి చెయ్యి వెనకాడుతుంది. రాయండి. బట్వాడా రెండు వారాలు ఆగిన సైటులో పైన చెప్పినవేవీ పనిచెయ్యవు. ఆ గడిలో టిక్కు పడలేదని కనిపిస్తేనే ఆయనకీ తెలుస్తుంది.